మూడో గదిలో పొట్ట కేసు

జూన్ 8, ఆదివారం

అక్క మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నిన్నటికన్నా నయమే, మెట్లు మాత్రం దిగలేదు. మేనకోడలి తలనొప్పి? తగ్గిందంటుంది కానీ ఆ కళ్ళు చూస్తే నమ్మబుద్ధి కాదు. తమ్ముడి షుగరు? ఫోన్లో అడిగితే నవ్వి ఊరుకున్నాడు, అంటే ఎక్కువే ఉండి ఉంటుంది. మరదలి దగ్గు? వారం నుంచి ఆ ఊసెత్తలేదు. తగ్గి ఉండాలి, లేదా చెప్పే ఓపిక కూడా లేకుండా పోయి ఉండాలి. పక్కవాటాలో పసివాడి జ్వరం? ఇవాళ వాడి ఏడుపు వినిపించింది. ఏడ్చే శక్తి వచ్చిందంటే మంచిదే.

ఇలా మొదలుపెట్టడం ఉత్తరాల అలవాటు. నేను చదివింది ఐదో తరగతి. ఉత్తరాలు తప్ప జీవితంలో ఇంకేమీ రాయలేదు. ఇప్పుడు రాయడానికీ ఎవరూ లేరు, అందరూ ఫోన్లోనే ఉంటారు. మనసులో మాట అక్కతో అంటే వెక్కిరిస్తుంది. మేనకోడలితో అనకూడదని నియమం ఉంది. అందుకని ఈ పుస్తకం కొన్నాను.

రేపు పరీక్ష. నాది కాదు, పిల్లలది. దడ మాత్రం నాకు.

జూన్ 9, సోమవారం, పొద్దున

పాఠం మరిచిపోతానేమోనని మళ్ళీ రాసుకుంటున్నాను. నేను పొట్ట పేషెంటుని. నిజం పేషెంటుని కాను. డాక్టరు చదువు చదివే పిల్లలకి పరీక్ష పెట్టడానికి మెడికల్ కాలేజీవాళ్ళు పడుకోబెట్టే ఉత్తుత్తి పేషెంటుని. నాది మూడో గది. పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. కడుపుబ్బరంగా ఉంటోందండీ, ఏం తిన్నా అరగడం లేదండీ, దిగులుగా ఉంటోందండీ అనాలి. దిగులు నాకు వేరే నేర్పక్కర్లేదని మొదటిరోజే అందరూ నవ్వారు. తరవాత వాళ్ళు పొట్ట నొక్కి చూస్తారు. నొప్పి ఉందా అంటే లేదనాలి. చూసి, ఏం తెలిసిందో నాకే చెప్పాలి. పరీక్షించే మాస్టారు అద్దం వెనక కూర్చుని వింటాడు. పొట్టలో ఏమీ లేదు, భయపడకండి అన్నది సరైన జవాబు.

ఏమీ లేదని రుజువు కూడా ఉంది. నన్ను చేర్చుకునే ముందు ఒక డాక్టరు చూసి, అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టాడు. అది పోయినేడాది.

ఎనిమిదో గదిలో ఇంకొకావిడది కూడా ఇదే పొట్ట కేసు. ఆవిడ నాకన్నా బాగా మూలుగుతుంది.

ఇదంతా పరిశోధన. ముందొక పరీక్ష. తరవాత సగంమందికి కొత్తరకం పాఠం, సగంమందికి పాతరకం పాఠం. తరవాత మళ్ళీ ఇదే పరీక్ష. ఏ పాఠం మేలో లెక్క తేల్చేది మా మేనకోడలు. తను గణాంకాలు చదివింది, అదే పని మీద ఆ కాలేజీలో ఉంది, మాతోనే ఉంటుంది. కానీ ఏ గదిలో ఎవరున్నారో తనకి తెలియకూడదు. తెలిస్తే లెక్క ఒకవైపు మొగ్గుతుందట. నాకీ పని దొరికిన రోజే చెప్పింది.

"అత్తా, అక్కడి ముచ్చట ఇంట్లో వద్దు. నువ్వేం కేసో, ఏ గదో నాకు చెప్పకు. చెప్పావంటే రెండేళ్ళ పని గంగపాలే."

అప్పట్నుంచీ పెదవి విప్పలేదు. ఈ నియమాలన్నీ తనూ, ఒక పెద్ద డాక్టరమ్మా కలిసి పెట్టారు. ఆవిడ ఎవరికీ మందు రాయదు. ఏ జబ్బు ఎక్కడ, ఎంతమందికి, ఎందుకు వస్తోందో చూస్తుంది. అక్క ఆవిడకి ఊళ్ళ డాక్టరమ్మ అని పేరు పెట్టింది. "మనిషికి జ్వరమొస్తే పలకదటే, ఊరంతటికీ వస్తేనే పలుకుతుందట" అని.

జూన్ 9, సాయంత్రం

అయిపోయింది. నడుం పడిపోయింది.

పిల్లలందరూ మంచివాళ్ళే. కొందరు మరీ భయపడుతూ నన్నే తిరిగి, "నేను బాగానే చేస్తున్నానా అండీ" అని అడిగారు. ఒకడు నా పేరు అడగడం మరిచిపోయి తన పేరు రెండుసార్లు చెప్పాడు. ఒక పిల్ల మాత్రం రాగానే రెండు చేతులూ రుద్దుకుంది. "నా చేతులు మంచుముక్కలండీ బామ్మగారూ. ఒక్క నిమిషం ఆగండి, వెచ్చబడనివ్వండి" అంది. ఆ ఒక్క మాటకే నేను మనసులో మార్కులన్నీ వేసేశాను. నేను వేసేది మాటతీరుకి మాత్రమే, పొట్ట సంగతి మాస్టారిది.

చలిచేతుల పిల్ల నెమ్మదిగా నొక్కుతూ వచ్చింది. కుడివైపు కింద చెయ్యి ఆగింది. పక్కకి పోయి మళ్ళీ అక్కడికే వచ్చింది.

"ఇక్కడ నొప్పిగా ఉందాండీ?"

"లేదమ్మా" అన్నాను. పాఠంలో అలాగే ఉంది.

"ఇక్కడ గడ్డలాంటిది చేతికి తగులుతోందండీ. పెద్ద డాక్టరుకి చూపించుకోవాలి మీరు."

గొంతు వణికింది పాపం. పాఠంలో దానికి జవాబు లేదు. "సరేనమ్మా" అన్నాను.

అలా అన్నది ఆ పిల్ల ఒక్కతే కాదు. తరవాత ఇంకో నలుగురైదుగురు కూడా అన్నారు. ఒకళ్ళ మాట ఇంకొకళ్ళు వినే వీలు లేదు. ఇంతమంది తప్పు చెబుతున్నారంటే నేనే పొట్ట బిగబట్టానేమో, సరిగ్గా పడుకోలేదేమో. టీ తాగేటప్పుడు డ్రైవరు అన్నయ్యని అడిగాను. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, పక్క గదిలో గుండెనొప్పి కేసు.

"నా దగ్గర ఒకడు నాకు గర్భం ఉందేమో అన్నట్టు చూశాడు చెల్లెమ్మా. పిల్లలు, భయంలో ఏదో ఒకటి అంటారు. నువ్వు గాభరా పడకు" అన్నాడు.

నొక్కినప్పుడు నొప్పి ఉంది. రాయకూడదు కానీ రాశాను. అంతమంది నొక్కితే ఎవరికైనా ఉంటుంది.

జూన్ 10, మంగళవారం

మేనకోడలు మళ్ళీ భోజనం సగంలో లేచింది. తలనొప్పి కాదంటుంది. డాక్టరుకి చూపించుకోవడానికి దీనికేం అడ్డమో.

జూన్ 20, శుక్రవారం

డబ్బులివ్వడానికి రమ్మంటే కాలేజీకి వెళ్ళాను. గేటు దగ్గర చలిచేతుల పిల్ల కనిపించింది. నన్ను చూసి తల దించుకుంది. నేనే పిలిచాను.

"ఏమ్మా, ఎలా చేశావు?"

"పొట్ట కేసులో పోయిందండీ. లేని గడ్డ ఉందన్నానట. మాస్టారు అందరి ముందూ నవ్వారు. రేపు ఆస్పత్రిలో ఇలాగే చెప్పి, బాగున్న మనిషిని ఆపరేషను బల్ల ఎక్కిస్తావా అన్నారు."

నా పొట్ట వల్ల ఆ పిల్ల ఎంత మాట పడింది.

"నాది గ్యాసు పొట్టమ్మా. ఆ రోజు తిన్నది అరగలేదు. అదే నీ చేతికి తగిలి ఉంటుంది" అన్నాను.

"అంతేనాండీ?" అంది. కాస్త తేలికపడింది. తరవాత, "నాకెందుకో నిజంగానే ఉన్నట్టనిపించింది" అంది.

"లేదమ్మా" అన్నాను.

జూలై 11, శుక్రవారం

వాకిలి నుంచి గదిలోకి వచ్చేసరికి ఆయాసం. ఎండలు అలా ఉన్నాయి. తమ్ముడికి షుగరు మందు మార్చారట, కొత్తది పడుతుందో లేదో. మరదలు దగ్గు మళ్ళీ మొదలైందని ఒప్పుకుంది. దానికి ఛాతీ ఫొటో తీయించమని రెండుసార్లు ఫోను చేశాను. "వదినా, నీకు ఇంకేం పని లేదా" అంది.

జూలై 27, ఆదివారం

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏమే చిన్నదానా, సన్నబడ్డావు. ఎవరైనా చూడ్డానికొస్తున్నారా?"

"ఈ వయసులో నన్నెవడు చూస్తాడే."

"అదేమరి, ఎవడూ చూడకపోతే ఎందుకు చిక్కుతున్నావని."

నవ్వాను. బట్టలు వదులైన మాట నిజమే. రెండుపూటలా తినబుద్ధి కాదు, అరగదు. నా పాఠంలో కూడా ఇదే ఉంది, ఏం తిన్నా అరగడం లేదండీ అని. రోజూ అదే వల్లెవేస్తుంటే అలాగే అవుతుంది కాబోలు.

ఆగస్టు 4, సోమవారం

మేనకోడలి తలకి స్కాను తీయించాను. బతిమాలి, తిట్టి, అన్నం మానేస్తానని బెదిరించి తీసుకెళ్ళాను. ఏమీ లేదు, కళ్ళజోడు మార్చుకోమన్నారు. ఎంత భారం దిగిందో. డాక్టరు నన్ను కూడా చూసి, "మీరు పాలిపోయి ఉన్నారు, రక్తం పరీక్ష చేయించుకోండి" అన్నాడు. ముందు దీని కళ్ళజోడు సంగతి చూడాలి.

ఆగస్టు 22, శుక్రవారం

డ్రైవరు అన్నయ్య ఫోను చేశాడు. పిల్లలకి పాఠాలు జరుగుతున్నాయట. ఆయన్ని ఒక క్లాసుకి పిలిచారు. అక్కడ మాస్టారు పోయిన పరీక్షలో తప్పులన్నీ ఏకరువు పెట్టాడట. "నీ కేసే పెద్ద తమాషా అయింది చెల్లెమ్మా. లేని గడ్డల్ని కనిపెట్టకండి, చేతికి తగిలిన ప్రతిదీ జబ్బు కాదు, ముందు మనసు స్థిమితంగా ఉంచుకోండి అని గంట చెప్పాడు. అందరూ ఒకటే నవ్వులు."

చలిచేతుల పిల్ల కూడా ఆ గదిలో ఉండే ఉంటుంది. నవ్విందో, తల దించుకుందో.

సెప్టెంబరు 15, సోమవారం

రెండో పరీక్ష అయింది.

ఈసారి పొద్దున ఏమీ తినకుండా వెళ్ళాను, గ్యాసు లేకుండా ఉంటుందని. మంచంమీద నిటారుగా, బిగబట్టకుండా పడుకున్నాను. ఒకరి తరవాత ఒకరు వచ్చారు. ఏమీ లేదండీ, భయపడకండి. ఏమీ లేదండీ, భయపడకండి. నాకు ఎంత హాయిగా ఉందో. ఒక పిల్లాడు మాత్రం, "కాస్త గట్టిగా ఉన్నట్టుంది" అని నసిగి, తనే, "కాదులెండి" అన్నాడు.

చివర్లో చలిచేతుల పిల్ల వచ్చింది. చేతులు రుద్దుకుంది. ఈసారి మాటలు తక్కువ. నొక్కుతూ నొక్కుతూ అక్కడికి వచ్చింది. ఆగింది. చెయ్యి తీయలేదు. నా మొహంలోకి చూసింది, అద్దంవైపు చూసింది, మళ్ళీ నా మొహంలోకి చూసింది.

"నొప్పిగా ఉందాండీ?"

"లేదమ్మా."

"అంతా మామూలుగానే ఉందండీ" అంది. "భయపడకండి."

పోయింది. లేదు. ఆ పిల్లే లేదంటే ఇక లేనట్టే. మొదట ఉందన్న పిల్లే కదా. పోయింది.

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఏదో అడుగుతుందనుకున్నాను. గంట కొట్టారు, వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 16, మంగళవారం

పోయింది. స్నానం చేసేటప్పుడు నేను చూసుకోలేదు. చూడక్కర్లేదు కదా.

అక్టోబరు 10, శుక్రవారం

మేనకోడలికి చాలా రోజులకి మొహంలో కళ వచ్చింది. లెక్కలు తెరిచారట. రెండు పరీక్షలూ పూర్తయ్యేదాకా ఎవరూ చూడకూడదన్నది నియమం. సగంలో చూస్తే మధ్యలోనే మనసు మారి పని చెడుతుందట. ఇన్నాళ్ళూ అవి తాళంలో ఉన్నాయి.

"బాగుందత్తా. రెండో పరీక్షకి తప్పులు సగానికి సగం తగ్గాయి. పిల్లలు నేర్చుకున్నారు" అంది. ఎన్నాళ్ళకో రెండోసారి వడ్డించుకుంది.

దాని ఆకలి చూసి నాకు కడుపు నిండింది.

అక్టోబరు 17, శుక్రవారం

ఇవాళ భోజనాల దగ్గర మేనకోడలు తనలో తనే గొణుక్కుంది. అక్క ఊరుకోదు కదా. "ఏమిటే, కంచంలో లెక్కలు కనిపిస్తున్నాయా?" అంది.

"ఒక పేషెంటు నా లెక్కంతా పాడుచేస్తోంది పెద్దత్తా. పొట్ట కేసులు రెండు ఉన్నాయి. ఒకావిడ దగ్గర లేని గడ్డ ఉందన్నవాళ్ళు ఒక్కరూ లేరు. రెండో ఆవిడ దగ్గర మొదటి పరీక్షలో ఐదారుగురు అన్నారు. తప్పులన్నీ అక్కడే కుప్పపడ్డాయి. పిల్లలు మారినా ఆ గది ఒక్కటే అలా ఉంది."

నీళ్ళు తాగాను.

"ఎందుకంటావే?" అన్నాను.

"ఆవిడ పాత్ర సరిగా చెయ్యట్లేదేమో. పొట్ట బిగబడుతుందేమో. మొహం ఎలాగో పెట్టి పిల్లల్ని బెదరగొడుతుందేమో. ఎవరో నాకు తెలీదు, తెలియకూడదు కూడా. ఆవిడ జవాబులన్నీ తీసి పక్కన పెడితే సరిపోతుంది."

"తీసేస్తే?"

"తీసేస్తే లెక్క శుభ్రంగా వస్తుంది."

"అయితే తీసెయ్యి" అన్నాను.

అక్క నావైపు చూసింది. దానికి మోకాళ్ళే గానీ కళ్ళు బాగానే పనిచేస్తాయి.

అక్టోబరు 18, శనివారం

చూసుకున్నాను. ఉంది.

కుడివైపు కింద. గట్టిగా. కోడిగుడ్డంత కాదు, ఇంకా పెద్దదే.

అక్క మోకాళ్ళకి కొత్త నూనె పట్టించాను. నయంగా ఉందంది.

అక్టోబరు 20, సోమవారం

మేనకోడలు కాలేజీ నుంచి విసుగ్గా వచ్చింది. ఆ పేషెంటుని తీసేస్తానంటే ఊళ్ళ డాక్టరమ్మ ఒప్పుకోలేదట. అందరి ముందూ ఒకటే ప్రశ్న అడిగిందట. నాకు అది చెబుతుంటే మేనకోడలి గొంతు క్రమంగా తగ్గింది.

"ఆ పేషెంటు పొట్టమీద ఎవరైనా చెయ్యి వేసి చూశారా అని అడిగింది అత్తా. ఇంతమంది పిల్లలు వేశారు కదా మేడమ్ అన్నాను. పిల్లలు కాదు, డాక్టరు ఎవరైనా అంది. చేర్చుకునేటప్పుడు చూశారు, బాగుందని ఉంది అన్నాను. ఎప్పుడు అంది. పోయినేడాది అన్నాను."

"తరవాత?"

"ఒక్క బావి దగ్గరే జబ్బు కుప్పపడితే ఆ బావిని లెక్కలోంచి తీసెయ్యం, నీళ్ళు చూస్తాం అంది. రేపే ఆ పేషెంటు ఎవరో తెరిచి చూద్దామంది."

నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. నేనేనే అని ఒక్క మాట. కానీ చెప్పకూడదని తనే కదా అంది. రేపు వాళ్ళే చూస్తారు. ఒక్కరోజులో కొంపలేం మునగవు.

అక్టోబరు 21, మంగళవారం

మధ్యాహ్నం బెల్లు మోగింది. ఆ వేళప్పుడు ఎవరూ రారు. మేనకోడలు, దాని వెనక ఊళ్ళ డాక్టరమ్మ. మేనకోడలు చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చేసింది. దాని మొహంలో రక్తం లేదు.

"నువ్వే కదా అత్తా."

"నువ్వే కదే చెప్పొద్దన్నావు" అన్నాను.

అది గోడకి చేరబడి నిలబడింది. ఊళ్ళ డాక్టరమ్మని నేను అంత దగ్గరగా చూడలేదెప్పుడూ. నా వయసుకి ఏ పదేళ్ళో తక్కువ. సబ్బు అడిగి చేతులు కడుక్కుంది. "నేను మనిషిని చేత్తో చూసి చాలా ఏళ్ళయిందమ్మా. తప్పుగా అనుకోకండి, మీ అనుమతి అయితే చూస్తాను" అంది. అక్క తన మంచం ఖాళీ చేసి ఇచ్చింది. ఎవరూ అడక్కుండానే లేచింది, మోకాళ్ళు పట్టుకుని.

పడుకున్నాను. ఆవిడ చెయ్యి నెమ్మదిగా వచ్చింది. ఆగింది.

"ఇక్కడ నొప్పిగా ఉందా?"

"లేదండీ" అన్నాను.

ఆవిడ చెయ్యి తీయలేదు. "ఇక్కడ పరీక్ష లేదమ్మా. అద్దం లేదు. మాస్టారు లేడు. చెప్పండి."

"ఉందండీ" అన్నాను. "మొదట్నుంచీ ఉంది."



అక్టోబరు 29, బుధవారం

స్కాను. రక్తం. లోపలికి గొట్టం పంపి ముక్క తీశారు. మేనకోడలు సెలవు పెట్టింది. దానికి సెలవులు అయిపోతాయేమో.

నవంబరు 7, శుక్రవారం

పేగుకి క్యాన్సరు. కాలేయం మీద కూడా మచ్చలున్నాయట.

సర్జన్ చిన్నవాడు, మాటల్లో మర్యాద ఉంది. "ఎప్పట్నుంచి ఉందండీ?" అని అడిగాడు. నేను చెప్పేలోపు మేనకోడలు అంది, "జూన్ తొమ్మిదికే ఉంది. చేతికి తగిలింది."

"ఎవరు చూశారు?"

"పిల్లలు. మెడిసిన్ రెండో ఏడాది పిల్లలు."

"అప్పుడే చెప్పలేదా మీకు?"

"చెప్పారు బాబూ" అన్నాను. "పాపం, చెప్పారు."

జూన్‌లో వచ్చి ఉంటే ఏమయ్యేదని మేనకోడలే అడిగింది. చెప్పలేం అన్నాడు. తరవాత తనే, ఇంత ఉండేది కాదేమో అన్నాడు. ఇప్పుడు కోసి తీసేయడం కుదరదు, చిన్న ఆపరేషనుతో పేగుకి వేరే దారి చేసి, తరవాత మందులు పెడదాం, ఎంతవరకు పనిచేస్తాయో చూద్దాం అన్నాడు.

ఇంటికొచ్చాక మేనకోడలు నా గదిలో నేలమీద కూర్చుంది.

"సగంలో తెరవకూడదని రాసింది నేనే అత్తా. గదులు నాకు తెలియకూడదన్నదీ నేనే. తప్పులు సగానికి తగ్గాయని ఆ రోజు ఎంత సంబరపడ్డానో చూశావు కదా. ఏం తగ్గింది? ఉన్నదాన్ని లేదనడం నేర్పాం వాళ్ళకి. దానికి మార్కులు వేశాం. నేను దాన్ని కూడి, భాగించి, పాఠం పనిచేసిందన్నాను."

"నీకు తెలియదు కదే."

"తెలియకుండా ఏర్పాటు చేసుకున్నాను."

తల నిమిరాను. జుట్టు ఎంత రాలిపోతోందో. దిగులుకి రాలుతుంది.

నవంబరు 9, ఆదివారం

అక్క వెక్కిరించడం మానేసింది. ఏం అడిగినా, "నువ్వు పడుకో, నేను చూస్తాను" అంటుంది. నాకు భయమేసింది.

"ఏదో ఒకటి అనవే" అన్నాను.

"ఇన్నాళ్ళూ నా మోకాళ్ళు పట్టుకుని వేళ్ళాడావు. నీ పొట్ట నీ దగ్గరే ఉంది కదటే" అంది. అని గోడవైపు తిరిగింది. అది నవ్వుకి అన్న మాట కాదు.

నవంబరు 12, బుధవారం

తమ్ముడు, మరదలు వచ్చి వెళ్ళారు. మరదలికి దగ్గు లేదు.

నవంబరు 15, శనివారం

ఊళ్ళ డాక్టరమ్మ వచ్చింది. పరిశోధన ఆపేశారట. ఇప్పటిదాకా తేలిందాన్ని ఉన్నదున్నట్టు రాసి అందరికీ చెబుతామంది. నా పేరు ఉండదట. ఇకమీదట పేషెంటుగా పడుకునేవాళ్ళని ప్రతి పరీక్షకీ ముందు డాక్టరు చూడాలని, పిల్లల్లో ఇద్దరు ఒకే మాట అంటే ఆ రోజే పెద్ద డాక్టరు వచ్చి చెయ్యి వేయాలని రాయించిందట. ఎనిమిదో గది ఆవిడకి కూడా పరీక్షలు చేయించారట, బాగుందట. మంచిదే. ఆవిడ గురించి నాకు దిగులుగా ఉండేది.

వెళ్ళేముందు, "పిల్లలకి చెప్పానమ్మా. క్లాసులో నిలబడి చెప్పాను. మీరు మొదట చెప్పిందే నిజం, మేమే దాన్ని తప్పుగా దిద్దాం అని" అంది.

"ఆ పిల్ల ఉందా? చేతులు చల్లగా ఉండే పిల్ల?"

"ఎవరో నాకు తెలియదు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి బయటికి వెళ్ళిపోయింది."

అదే. అదే అయి ఉంటుంది. ఎక్కడికి వెళ్ళింది, ఎవరైనా వెంట వెళ్ళారా, భోజనం చేసిందా. ఇవేమీ ఆవిడ చూడలేదు.

నవంబరు 17, సోమవారం

ఆ పిల్ల నంబరు కనుక్కోమని మేనకోడల్ని అడిగాను. "ఇప్పుడెందుకత్తా, ఆ అమ్మాయి నెత్తిన ఇంకో బరువు పెట్టడం" అంది. ఆ బరువు ఇప్పటికే ఉంది కదే, దించడానికే పిలుస్తున్నాను అన్నాను. దానికి కోపం వచ్చింది, లేక ఏడుపు వచ్చింది. ఈమధ్య రెండూ ఒకేలా ఉంటున్నాయి.

నవంబరు 20, గురువారం

నేను మళ్ళీ అడిగేలోపు ఆ పిల్లే ఫోను చేసింది. డ్రైవరు అన్నయ్య దగ్గర నంబరు తీసుకుందట.

"బామ్మగారూ, రెండోసారి కూడా నా చేతికి తగిలింది" అంది.

"తెలుసమ్మా."

"తగిలినా లేదన్నాను."

"నేనూ నొప్పి లేదన్నాను కదా. ఇద్దరం పాఠం తప్పకుండా చేశాం."

నవ్విద్దామనుకున్నాను. ఏడ్చేసింది. చదువు మానేస్తానంది. నా చేతుల మీద నాకే నమ్మకం పోయిందండీ, ఇక ఎవరి పొట్టమీద చెయ్యి వేసినా ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు తోస్తుంది అంది. ఇరవై ఏళ్ళ పిల్ల. ఇంట్లో ఎవరితోనూ చెప్పలేదట. సరిగా తింటున్నట్టు లేదు, గొంతులోనే తెలుస్తోంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఇన్ని నెలల్లో నాకు కోపం రావడం అదే మొదలు.

"చదువు సంగతి తరవాత. నువ్వు ఇంటికి రా. నా పొట్టమీద చెయ్యి వెయ్యి. ఎక్కడుందో, ఎంతుందో, గట్టిదో మెత్తదో, చేతికి తెలిసింది తెలిసినట్టు నా మొహం మీదే చెప్పు. ఈసారి నొప్పి ఉందంటే ఉందంటాను. తరవాత మానేస్తావో చదువుతావో నీ ఇష్టం."

"నాకు భయమండీ."

"నాకూ భయమే" అన్నాను.

"వస్తానండీ" అంది.

మేనకోడలు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. క్యాలెండరు దగ్గరికి వెళ్ళి చూసింది. ఇరవై నాలుగు సోమవారం పొద్దున నన్ను ఆస్పత్రిలో చేర్చుకుంటారు. ఆ తరవాత కుట్లుంటాయి, ఎవరినీ ముట్టుకోనివ్వరు.

"ముందురోజు రమ్మను అత్తా" అంది.

నవంబరు 23, ఆదివారం, సాయంత్రం నాలుగింటికి రమ్మన్నాను.